తేయాకు పరిమళించిన బీరు

యవలను మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీట నానబెట్టి తీసిన తియ్యని రసమును పులియబెట్టగా బీరగుననుట అందఱికిని తెలిసినదే. కాని ఆ రసము ధాన్యముతోనే తృప్తినొందక, తన రుచికిని వాసనకును ఏదో యొక ఆకునో, పువ్వునో, కొమ్మనో తోడు కోరుచు వచ్చినదను సంగతి మనలో పెక్కుమంది గమనింపరు. ఐరోపాఖండమున హాప్స్ అనబడు తీగపువ్వులు వ్యాపించుటకు పూర్వము గ్రూట్ అను మూలికామిశ్రమముతో బీరు కాచుచుండిరి. 1516 లో బవేరియా ప్రభువులు యవలు, హాప్స్, నీరు తప్ప బీరునందు మఱేమియు చేర్చరాదని శాసించిరి. ఫిన్లండు పల్లెలలో మాత్రము సాహ్తి యను బీరును నేటికిని జూనిపర్ కొమ్మలు పఱచిన కొయ్యతొట్టిలో వడపోయుదురు. ఇంత పూర్వచరిత్ర తలపెట్టుటకు కారణమున్నది: బీరులో తేయాకు వేయుటను నేటి వెఱ్ఱిగా ఎంచి పెదవి విఱచువారు, ఎన్నో శతాబ్దములుగా సాగివచ్చిన ఒక విద్యకు ఇది కొనసాగింపని ఎఱుగవలెనని నా కోరిక.

18వ శతాబ్దాంతమున ఈస్టిండియా కంపెనీ ఓడలలో ఇంగ్లండు బీరుపీపాలు మన దేశమునకు వచ్చుచుండెను. ఆ కంపెనీ ఓడలే కాంటన్ రేవునుండి లండనునకు తేయాకు పెట్టెలు మోయుచుండెను. అయినను ఆ రెండును ఒకే పాత్రలో కలిసి పేరుగాంచుట మొన్న మొన్న, చిన్న బీరుశాలలు విరివిగా వెలసిన పిమ్మటనే జరిగినది.

ఈ కలయికకు రసాయనశాస్త్రమున బలమైన ఆధారము కలదు. హాప్స్ పువ్వులకు గుబాళింపునిచ్చు లినలూల్, జెరానియోల్ అను సుగంధాంశములే డార్జిలింగు తేయాకునందును ఉన్నవి; లినలూల్ మల్లెజాతి పువ్వులయందును, దక్షిణ ఇటలీలోని కలాబ్రియాలో పండు బెర్గమోట్ నిమ్మ తొక్కయందును సమృద్ధిగా కలదు. ఆ నిమ్మతైలము పట్టించిన ఎర్ల్ గ్రే తేయాకును నారింజవాసనగల హాప్స్‌తో కూర్చినపుడు, ఏది ఆకు వాసనయో, ఏది పువ్వు వాసనయో విడదీయుట ఆఱితేఱిన నాసికకు కూడ కష్టమగును. న్యూజిలాండులో యీస్టీ బాయ్స్ వారు చేసిన గన్నమట్ట అను బీరు ఈ కూర్పువలననే ప్రసిద్ధికెక్కినది.

పరిమళమునిచ్చు ఆకే వగరును కూడ వెంటబెట్టుకొని వచ్చును. నేర్పంతయు ఇచ్చటనే చూపవలెను. తేయాకులోని టానిన్లు లాలాజలమునందలి మాంసకృత్తులను పట్టుకొనుటచేత నాలుక పొడిబారి గరగరలాడును. మనము డికాక్షనులో పాలు పోసికొన్నపుడు పాలలోని కేసీను ఆ టానిన్లను ముందుగనే పట్టివేయును గనుక వగరు శాంతించును. బీరునకట్టి రక్షణ లేదు. పైపెచ్చు యవలనుండి దిగిన మాంసకృత్తులతో టానిన్లు పెనవేసికొని, చల్లబఱచినపుడు బీరు మసకబారును. కావున మరుగుచున్న రసములో తేయాకును వేసి కాచుట ఆ ఆకునకు చేయు అపచారమని నేను తలంతును. వగరంతయు దిగును, వాసన ఆవిరితో పోవును, కొసరు మిగిలినదానిని పులియునపుడు పైకెగయు బొగ్గుపులుసు వాయువు ఎత్తుకొనిపోవును.

అనుభవజ్ఞులు బీరు పులిసి తేఱిన పిదపనే తేయాకును చేర్చుదురు. పచ్చతేయాకైనచో 70 మొదలు 80 డిగ్రీల నీటను, నల్లతేయాకైనచో మరుగుటకు సిద్ధమైన నీటను, మూడు నాలుగు నిమిషములు మాత్రము నానబెట్టి, చిక్కని డికాక్షను తీసి, చల్లార్చి బీరులో పోయువారు కలరు. ఇది సులువే కాని, ఆ నీటివలన బీరు కొంత పలుచబడును. నాకు మిక్కిలి నచ్చినది చల్లని బీరులోనే ఆకును నేరుగా నానవేయు పద్ధతి. 19 లీటర్ల పీపాకు 30 మొదలు 60 గ్రాముల ఆకును, ఉడికించి శుభ్రపఱచిన పలుచని గుడ్డసంచిలో వదులుగా మూటగట్టి, తేలకుండ రెండు మూడు గాజుగోళీలు అడుగున వేసి, లోనికి జాఱవిడుతురు. బీరులోని మద్యాంశము నీటికి సులభముగ లొంగని తైలములను కరగించుకొనును; చల్లదనము టానిన్లను అదుపులో నుంచును. కొన్ని గంటలకొకమారు చెంచాడు బీరు తీసి రుచి చూచుచుండవలెను. వాసన నిండుగా తెలిసి, నాలుక అంచులకు వగరు తగిలీ తగలని క్షణమున సంచిని పైకి తీయవలెను. తఱచుగా ఒక పగలు, ఒక రాత్రి చాలును. తీసిన సంచిని ఆశకొలది పిండరాదు. పిండినచో అంతవఱకు ఆకులో అణగియున్న వగరంతయు ఒక్కసారిగా బీరులోనికి దిగును.

ఏ తేయాకు ఏ బీరునకు తగుననుటలో అభిరుచికి తావెక్కువ. చీనా దేశమున వూయీ పర్వతప్రాంతమువారు దేవదారుజాతి కట్టెల పొగపై ఆరబెట్టు లాప్సాంగ్ సూచాంగ్ తేయాకు, నల్లని పోర్టరు బీరులో చక్కగా ఒదుగును. జర్మనీలోని బాంబెర్గు పట్టణమున బీచి కట్టెల పొగ పట్టించిన యవలతో బీరు కాచువారికి ఈ రుచి పరాయిదిగా తోపదు. అమెరికాలో డాగ్‌ఫిష్ హెడ్ వారు ఫిన్లండు సాహ్తిని ఆధారముగ గొని, నిప్పువలె కాల్చిన రాళ్లను రసములో వేసి, ఏలకులు, అల్లము, లవంగములు, మిరియములు కలిపిన తేనీటిని చేర్చి సాహ్‌టీ యను బీరు చేసిరి. మన వీథి అంగళ్లలో మసాలా టీ త్రాగి పెరిగినవారికి ఆ దినుసులు పరిచయము చేయనక్కఱలేదు.

2011 లో జపానును భూకంపమును సముద్రపుటుప్పెనయు అతలాకుతలము చేసినపుడు, కాలిఫోర్నియాలోని స్టోన్, జపానులోని బైర్డ్, గ్వామ్ ద్వీపములోని ఇషీ అను మూడు బీరుశాలలవారు ఒకచోట చేరి పచ్చతేయాకు బీరు కాచి, దాని రాబడిని బాధితుల సహాయమునకు వినియోగించిరి. ఆ దేశపు దైనందిన పానీయమును తమ వృత్తిలో కలిపి సంతాపము తెలిపిన ఆ పని నాకు మిక్కిలి ఉచితముగ తోచినది.

పచ్చతేయాకు, మల్లెతేయాకు వాసనలు లేతవి. నెలల తరబడి నిలువచేసినచో ముందుగా జాఱిపోవునవి అవియే కనుక అట్టి బీరును తాజాగానే త్రాగవలెను. పొగతేయాకు బీరు కొంతకాలము ఓర్చుకొనును. మన ప్రాంతములలో సీసా చెమర్చునంతగా మంచులో ఉంచి బీరు త్రాగుట అలవాటు. ఆ చలికి బెర్గమోట్ వాసన ముడుచుకొనిపోవును. పది డిగ్రీల వఱకు చలి విఱుగనిచ్చి, అంచు వెడల్పైన గ్లాసులో సగమే పోసికొన్నచో, మొదట నిమ్మవాసనయు, దాని వెనుక ఆకు వాసనయు, గుటక దిగిన పిదప లీలగా వగరును వేర్వేఱుగా తెలియవచ్చును.