లారా తవ్వే నేల ఎవరిది?

వీడియో గేముల్లో ఒక నాయిక పేరుతో దాదాపు ముప్ఫై ఏళ్లుగా సాగుతున్న వరుస 'టూంబ్ రైడర్'. ఇంగ్లండ్‌లోని డెర్బీలో కోర్ డిజైన్ సంస్థ తయారుచేసిన మొదటి ఆట 1996లో వచ్చింది. రెండు పిస్తోళ్లతో ప్రాచీన సమాధుల్లోకి దూరి నిధులు తెచ్చుకునే లారా క్రాఫ్ట్ దాని నాయిక. 2025 డిసెంబర్‌లో మరో రెండు ఆటలు ప్రకటించారు. ఒకటి మొదటి ఆటకే కొత్త రూపం. రెండోది ఉత్తర భారతంలో జరిగే 'టూంబ్ రైడర్: కెటలిస్ట్'. ఈ వరుస ఇంకా సాగాలా అన్న ప్రశ్న ఇప్పుడు మనది కూడా.

స్త్రీవాద విమర్శ లారా శరీరం గురించే ఎక్కువ మాట్లాడింది. అందులో న్యాయముంది. మగవాళ్ల చూపు కోసమే ఆమెను ప్రకటనల్లో నిలబెట్టారు. ఆమెను సృష్టించిన టోబీ గార్డ్ కూడా ఆమెను అమ్ముతున్న తీరు నచ్చక 1997లో సంస్థ వదిలి వెళ్లాడు. 2013లో రియానా ప్రాచెట్ ప్రధాన రచయిత్రిగా కథ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. లారాకు భయం, నొప్పి, ఒక స్నేహితురాలు వచ్చాయి. ఆ నొప్పిని ఆట అవసరానికి మించి చూపించినా, బొమ్మ మనిషి కావడం చిన్న మార్పేమీ కాదు.

మరి ఆమె తవ్వే నేల సంగతేమిటి? 1998 నాటి మూడో ఆట భారతదేశంలోనే మొదలవుతుంది. అక్కడ అడవి, పులులు, కోతులు, శిథిలాలయం, కత్తులు పట్టుకుని మీదికొచ్చే ఆరు చేతుల శివ విగ్రహాలు ఉంటాయి. అక్కడ బతికే ఆడమనిషి ఒక్కతీ కనబడదు. 2018 నాటి ఆటలో పెరూ అడవుల్లో తిరుగుబాటు నడిపే ఉనురాటు అనే రాణి ఉంది. ఆమె కథ మధ్యలోనే చనిపోతుంది, లోకాన్ని కాపాడే పని లారాకే మిగులుతుంది. 2024లో మొదటి మూడు ఆటలను మళ్లీ విడుదల చేస్తూ, వాటిలో జాతి వివక్షతో కూడిన చిత్రణలున్నాయని ఒక హెచ్చరిక చేర్చారు. ఆటలోని దృశ్యాలను మాత్రం అలాగే ఉంచారు.

పాత కథను మళ్లీ చెప్పడం తప్పని మనం అనలేం. మనమూ రామాయణాన్ని వదల్లేదు కదా! వోల్గా 'విముక్త'లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఆ కలయికలతోనే ఆమె మారుతుంది. అయితే సీత ఎవరి సొత్తూ కాదు, కాబట్టే వోల్గా ఎవరినీ అనుమతి అడగకుండా ఆ కథలు రాయగలిగారు. లారా ఒక వాణిజ్య సంస్థ ఆస్తి. ఆమెను ఎవరితో కలపాలో యజమానులే నిర్ణయిస్తారు. లాభం తెచ్చినంత కాలం సాగడం వాళ్లకు చాలు, మనకు చాలదు.

2027లో రావలసిన 'కెటలిస్ట్'ను లారా దుస్తులను బట్టి మాత్రమే తూచకూడదు. గుడి ముందు నిలబడిన స్థానిక స్త్రీ "ఇది మాది, లోపలికి రావద్దు" అంటే లారా ఏం చేస్తుందో చూడాలి. ఆమె ఆగి మాట వినగలిగితే ఈ వరుసకు ఇంకా చెప్పవలసిన కథ ఉన్నట్టే. ఆ స్త్రీకి ఈసారి కూడా చోటు లేకపోతే ఇక ఆపేయడమే మేలు.