మాంగా కథలు - చలనచిత్రానుసరణములు : నాయకపాత్రను గూర్చి ఒక పరిశీలనము

జపానుదేశమున మాంగా యనబడు బొమ్మలకథలు పత్రికలలో ధారావాహికముగా వెలువడి, పిమ్మట సంపుటములుగా కూర్పబడుచుండును. వానిలో జనాదరము పొందినవి అనిమే యనబడు సజీవ రేఖాచిత్రములుగను, నటులతో తీసిన చలనచిత్రములుగను మారుట అచ్చటి పరిపాటి. ఈ మార్పును పరిశీలింపబూనువారు సామాన్యముగా ఒక పట్టికతో ఆరంభింతురు: మూలమున నుండి చిత్రమున లేనిదేది, చిత్రమున క్రొత్తగా చేరినదేది. పట్టిక పూర్తియైనంతనే విమర్శయు పూర్తియైనదని తలచుట కద్దు. పరిశోధకవిద్యార్థుల వ్రాతలలో ఈ పద్ధతి మాకు తరచుగా కానవచ్చుచున్నది. పట్టిక లేక పని సాగదు. కాని దానితో పని ముగియదు.

మన ఆలంకారికు లీ విషయమున ఏనాడో ముందడుగు వేసిరి. ఇతిహాసమునుండి గ్రహించిన కథలో రసమునకు ప్రతికూలమైన అంశమున్నచో కవి దానిని విడిచి వేఱొకటి కల్పించుకొనవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున అనుమతించెను. మూలకథలోని రసమునే మార్చి వేఱొక రసముతో ముగించుటను కుంతకుడు ప్రబంధవక్రతా భేదములలో చేర్చి, ఉత్తరరామచరితమును వేణీసంహారమును చూపెను. భారతకథలో లేని దుర్వాసశాపమును కాళిదాసు తెచ్చుటవలన దుష్యంతుని శీలమెట్లు మారినదో మన తరగతులలో ఏటేట చెప్పుచునే యున్నాము. కావున మూలమును మార్చుట దోషమా యను ప్రశ్న మనకు క్రొత్తగా పుట్టదు. అయితే ఈ చర్చయంతయు ఒక క్రమమును సిద్ధముగా అంగీకరించి సాగినది: మూలము ముందు, అనుసరణము వెనుక. మాంగా విషయమున ఈ క్రమము పలుచోట్ల నిలువదు. మే మిచ్చట పరిశీలింపదలచిన దదియే.

హయావొ మియజకి రచించి చిత్రించిన ‘పవనలోయ నౌసికా’ యను మాంగా 1982లో ‘అనిమేజ్’ పత్రికయందు ఆరంభమై, నడుమ నడుమ నిలిచిపోవుచు, 1994లో ముగిసినది. మొత్తము ఏడు సంపుటములు. ఆ కథతోనే మియజకి స్వయముగా దర్శకత్వము వహించిన చిత్రము 1984 మార్చిలో విడుదలయ్యెను. అనగా చిత్రము వెలువడునాటికి మాంగా రెండు సంపుటములను మించి సాగలేదు. తక్కిన ఐదు సంపుటములును చిత్రము తరువాత పుట్టినవే. కర్త ఒక్కడే, కథ ఒక్కటే, కాని అనుసరణము మూలముకంటె పదియేండ్లు ముందుగా ముగింపునకు వచ్చినది. దర్శకునికి మూలము అర్థము కాలేదని ఇచ్చట ఎవ్వరును అనజాలరు.

ఆ నాయికయు శుద్ధముగా క్రొత్తది కాదు. హోమరు ఒడిస్సీలో నౌకాభంగమునొందిన వీరుని ఆదరించిన రాజకుమారి పేరు ఆమెది. హెయియన్ కాలపు జపాను కథలలో, తోడివారు నవ్వుచుండ గొంగళిపురుగులను పెంచిన రాచకన్నె స్వభావము ఆమెది. ఈ రెంటిని తాను కలిపితినని మియజకియే చెప్పియున్నాడు. ఏది మొదటి మూలమని వెదకబోయినచో మన మెంతదూరము పోవలసివచ్చునో దీనిచేతనే తెలియుచున్నది.

చిత్రమున కథ సరళము. విషవాయువులను వెడలించు అరణ్యము, దానిని కాచు ఓము అను మహాకీటకములు, అరణ్యమును కాల్చివేయజూచు తొర్మెకియా సేన, దాని నాయకురాలు కుషానా. నౌసికా ఓముల వెల్లువకు అడ్డుగా నిలిచి ప్రాణము విడుచును. ఓములు తమ బంగారు తంతువులతో ఆమెను పైకెత్తి మరల బ్రదికించును. నీలివస్త్రములు ధరించి బంగారు పొలమున నడచుదాని రాకను గూర్చి పూర్వులు చెప్పినమాట నిజమైనదని అంధవృద్ధ గుర్తించును. తుదకు అరణ్యము క్రిందనున్న నిర్మలభూమిలో ఒక లేతమొక్క తలయెత్తుట చూపి చిత్రము ముగియుచున్నది. మొదట తలచిన ముగింపులో ఈ పునరుజ్జీవనము లేదనియు, తరువాతి చర్చలలో అది చేరినదనియు, అట్టి ముగింపు మతకథవలె నైనదన్న అసంతృప్తి మియజకికి మిగిలినదనియు ప్రసిద్ధము.

మాంగాలో ఈ భవిష్యవాణి లేకపోలేదు. రెండవ సంపుటమందే ఆ ఘట్టము వచ్చిపోవును; కాని అది ముగింపు కాదు, ఒక బరువునకు ఆరంభము. దోరొక్ ప్రజలు ఆమెను అవతారమూర్తిగా భావింపసాగిరి. చిత్రమున దోరొక్ రాజ్యమే లేదు, తొర్మెకియాతో వారి యుద్ధమే లేదు. కావున ఆ యుద్ధమున పాలుగొన్న నౌసికాయు లేదు. మాంగాలో ఆమె పాత ఒడంబడికనుబట్టి, రోగగ్రస్తుడైన తండ్రికి బదులుగా తొర్మెకియా పక్షమున పోరునకు పోవలసివచ్చినది. చిత్రమున ఆ తండ్రిని శత్రువులు చంపుదురు. ఆమె కోపమున వారిని కూల్చును. ఒకచోట శత్రువు ఎదుటనున్నాడు, ఇంకొకచోట ఆమెయే శత్రుసేనతో కలిసి నడచుచున్నది. కుషానా విషయమును ఇట్టిదే. చిత్రమున ఆమె గాయపడిన దండనాయకురాలు మాత్రమే. మాంగాలో తండ్రియు అన్నలును మోసగింపగా తన సైనికులను కాపాడుకొన యత్నించు రాజపుత్రి, ఒక్కొక్కప్పుడు నౌసికాకంటె మన మనస్సును హెచ్చుగా ఆకర్షించు పాత్ర.

ఏడవ సంపుటమునకు వచ్చుసరికి కథ చిత్రమునే ప్రశ్నించుచున్నట్లున్నది. విషారణ్యము ప్రకృతి దయ కాదు; లోకమును శుద్ధిచేయుటకై ప్రాచీనులు నిర్మించిన యంత్రమువంటిది. నేటి మానవులును ఆ విషమునకు తగినట్లు మార్చబడినవారే. నిర్మలవాయువు వచ్చిననాడు వారు జీవింపజాలరు. చిత్రమున ఆశాసూచకమైన ఆ లేతమొక్క నిలిచిన భూమియే ఇచ్చట మృత్యుస్థానమగుచున్నది. షువా యను చోట ప్రాచీనుల సమాధిమందిరమున రాబోవు శాంతమానవజాతి అండములు భద్రపరుపబడి యున్నవి. నౌసికా తన్ను తల్లీ యని పిలుచు ఓమా యను మహాకాయునిచే ఆ మందిరమును కూల్పించును. అటుపిమ్మట ఈ రహస్యమును ప్రజలకు చెప్పక దాచును. చిత్రమున మరణించి లేచిన రక్షకురాలు, మాంగాలో పుట్టబోవు ఒక జాతిని చంపి, బ్రదికియున్న జాతికి అసత్యము చెప్పినది. ఆమె చేసినది ధర్మమా? గ్రంథము తీర్పు చెప్పలేదు. మాకును తీర్పు కుదురుట లేదు. చదివిన ప్రతిసారియు ఒకవైపు మొగ్గుచున్నాము.

నిడివి చాలక చిత్రమున కథ తగ్గినదన్న మాట ఇచ్చట నిలువదు. ఆ ప్రశ్న 1984లో కర్తకే పుట్టలేదనుట న్యాయము. చిత్రమున తానిచ్చిన సమాధానమునకు తానే పదియేండ్లు ఎదురువాదము చేసినట్లు మిగిలిన సంపుటములను చదువవలెనని మా అభిప్రాయము. (ఈ చిత్రమునే 1985లో అమెరికాలో ఇరువది నిమిషములకు పైగా కత్తిరించి, నాయిక పేరును జాండ్రాగా మార్చి విడుదల చేసిరి. పట్టిక పద్ధతి దానికి చక్కగా సరిపోవును.)

కత్సుహిరొ ఓతొమో రచించిన ‘అకిరా’ ఈ తర్కమును బలపరచుచున్నది. 1982 నుండి 1990 వరకు సాగిన ఆ మాంగా రెండువేల పుటలకు మించినది. అతడే దర్శకుడుగా తీసిన చిత్రము 1988లో వచ్చినది. ఇచ్చటను అనుసరణమే ముందు ముగిసినది. ఆరు సంపుటములలో మూడవదాని చివర నియో టోక్యో నగరము నాశనమగును. మిగిలిన సగము ఆ శిథిలములలో మనుష్యులెట్లు అన్నము వెదకుకొనిరి, ఎట్లు ముఠాలు కట్టిరి, ఎట్లు మియాకో యను సన్న్యాసిని నీడన చేరిరి యనునదే. చిత్రమున నగరనాశము కథాంతము. మాంగాలో మేలుకొని నడచు బాలుడైన అకిరా చిత్రమున గాజుపాత్రలలోని అవయవములుగా మిగిలినాడు. మియాకో దాదాపుగా కనబడదు. అందుచే కథాభారమంతయు కనేదా, తెత్సువొ అను ఇరువురు మిత్రుల స్నేహవైరములపై పడినది. మాంగా తుదిని కనేదాయు అతని తోడివారును సాయమునకై వచ్చిన విదేశసేనను వెడలగొట్టి శిథిలములు తమవని ప్రకటింతురు. చిత్రమున తెత్సువొ ఒక క్రొత్త విశ్వముగా వికసించును. మొదటిది రాజకీయము, రెండవది తత్త్వము. సంహారము తరువాత జీవించుట యెట్లన్న విషయము చిత్రమునుండి పూర్తిగా తొలగిపోయినది.

పుటను పాఠకుడు తన చేతిలో నిలుపుకొనును. సందేహమున్నచోట ఆగును, వెనుకకు మరలును. తెరపై ఓముల వెల్లువ ఆగదు. ప్రేక్షకుని ఉద్వేగమునకు విమోచనము కావలెను. కావున చిత్రము సందిగ్ధనాయకుని నిశ్చితనాయకునిగా మార్చునని సూత్రీకరింప బుద్ధి పుట్టును. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. మసమునె షిరో మాంగా ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ ఆ సూత్రమును చెడగొట్టినది.

1989లో ఆరంభమైన ఆ మాంగాలో మొతోకొ కుసనాగి కృత్రిమదేహముగల రక్షకాధికారిణి. ఆమె పరిహాసములాడును, అలుగును, పై అధికారిని వెక్కిరించును. ఫుచికొమా లను మాటలాడు యంత్రములు అల్లరిచేయుచుండును. పుట అంచులలో రచయిత యంత్రవిషయములపై వ్యాఖ్యలు వ్రాసికొనుచుండును. 1995లో మమొరు ఓషీ తీసిన చిత్రమున ఇవేవియు లేవు. నగరపు కాలువలపై ఆమె మౌనముగా సాగిపోవు ఘట్టమున, తనవంటి ముఖమే గల యువతిని ఒక కిటికీలో చూచుచున్నప్పుడు, తాను ఎవరన్న సందేహము మాటలు లేకయే మనకు అందుచున్నది. తెరయే ఇచ్చట పుటకంటె నెమ్మదిగా నడచినది. హాస్యము పోయినది, ప్రశ్న లోతైనది; మా దృష్టిలో ఇది కుంతకుడు మెచ్చదగిన మార్పు.

2017లో రూపర్ట్ శాండర్స్ నటులతో తీసిన చిత్రము ఓషీ దృశ్యములను పెక్కింటిని అనుకరించినది, కాని విషయమును తలక్రిందులు చేసినది. ఇందు నాయిక మీరా అను పేరుతో జీవించుచు, ఒక సంస్థ తన జ్ఞాపకములను అపహరించినదని తెలిసికొని, తన పూర్వనామమును కనుగొని కన్నతల్లిని చేరును. మాంగాలోను 1995 చిత్రములోను ఆమె మఱొక చైతన్యముతో కలిసి తన వ్యక్తిత్వపు ఎల్లను విడిచినది. ఇందు అట్టి ఆహ్వానమును నిరాకరించి పోయిన గుర్తింపును తిరిగి పొందినది. దృశ్యములు ఓషీవైనను ప్రశ్న అతనిది కాదు. పోలికల పట్టిక వ్రాయువాడు ఇచ్చట తప్పక మోసపోవును.

ఆ కలయిక తరువాత ఆమెకు లభించు దేహము మాత్రము మూలమునకును ఓషీ చిత్రమునకును వేఱు. చిత్రమున అది ఒక బాలిక దేహము; ఎత్తైన చోట నిలిచి ఆమె విశాలనగరమును చూచుచుండగా తెర పడును. షిరో పుటలలో సహచరుడైన బతో తొందరలో స్త్రీదేహమనుకొని తెచ్చినది పురుషదేహము. నూతనజన్మయంతటి గంభీరఘట్టమునను ఆ రచయిత ఒక పొరపాటును విడువలేదు.