ఎంత పందెంలో కూర్చోవాలి

పదమూడు ముక్కల రమ్మీ తెలిసినవాళ్లకు గుమ్మఘట్టలోనైనా గుంటూరులోనైనా లెక్క ఒకటే. పంచిన ముక్కలు చూసి, పనికిరావనుకుంటే మొదట్లోనే డ్రాప్ చెప్పొచ్చు. ఇరవై కౌంట్‌తో పోతుంది. కొంత ఆడి వదిలేస్తే నలభై. జోకర్ రాకపోతుందా అని ఆఖరిదాకా పట్టుకు కూర్చుంటే, ఎదుటివాడు షో చేసినప్పుడు ఎనభై దాకా రాసుకోవాలి. ఇరవైతో లేవాల్సిన చోట ఇరవైతోనే లేచేవాడే మంచి ఆటగాడు. ఇంతవరకు మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ కౌంటు ఒక్కోటి పావలాకు ఆడాలా, రూపాయికా, పది రూపాయలకా అన్న దగ్గరికొచ్చేసరికి మన ఆటకు సూత్రమంటూ లేదు. పక్కవాడి జేబు, ఆ పూట హుషారు, తగ్గితే చిన్నతనమన్న రోషం కలిసి దాన్ని తేలుస్తాయి.

ఆ సూత్రం పోకర్‌లో ఉంది. దాన్ని శ్రద్ధగా సాన పట్టినవాళ్లు ఇంటర్నెట్‌లో సెంట్ల మీద ఆడినవాళ్లు.

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మీద తెరుస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి. విడత విడతకూ పందెం. ఆన్‌లైన్‌లో అందరికన్నా కింది బల్ల ఒకటి-రెండు సెంట్లది, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టే చిన్న, పెద్ద బ్లైండ్లు అంతన్నమాట. దానికి రెండు డాలర్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆ పైది ఐదు డాలర్లది, తర్వాత పది, పాతిక, యాభై. ఇలా మెట్లు.

కింది మెట్టు మీద ఆట మోటుగా ఉంటుంది. ఎవరూ ముక్కలు పడేయరు, ఏముందో చూద్దామని కట్టేస్తుంటారు. అలాంటివాళ్లను బ్లఫ్‌తో బెదరగొట్టబోవడం దండగ. మంచి ముక్కలు వచ్చేదాకా ఆగాలి, వచ్చాక గట్టిగా పందెం కట్టాలి. అందరికన్నా ఆఖరున వంతు వచ్చే కుర్చీలో కాస్త ఎక్కువగా, మొదట వంతు వచ్చే కుర్చీలో తక్కువగా ఆడాలి. ఇంకొకటి, కట్టే ముందు లెక్క. చివరి ముక్క మిగిలింది, ఇంకొక్క ఆఠీను పడితే ఫ్లష్. కనబడని 46 ముక్కల్లో ఆఠీన్లు 9, అంటే సుమారు ఐదింట ఒక వంతు. ఎదుటివాడి పందెంతో కలిపి పాట్‌లో 90 సెంట్లుండి 20 కట్టమంటే కట్టొచ్చు. 60 ఉండి 30 కట్టమంటే లేచిపోవాలి. ఇది ఒకటి రెండు వారాల్లో ఎవరికైనా పట్టుబడుతుంది.

అసలు కష్టం పై మెట్టు ఎక్కడం. ఒక బల్ల దగ్గర ఆడాలంటే ఆ బల్లకు పెట్టే సొమ్ముకు ఇరవై ముప్పై రెట్లు విడిగా ఉండాలంటారు. జాగ్రత్తపరులు నలభై యాభై అంటారు. దీన్ని బ్యాంక్‌రోల్ అంటారు. ఇంటి ఖర్చుతో దానికి సంబంధం ఉండకూడదు. రెండు డాలర్ల బల్లకు అరవై, ఐదు డాలర్ల బల్లకు నూట యాభై. నూట యాభై అయ్యాక ఎక్కడం అందరికీ ఇష్టమే. అది వందకు పడగానే కిందికి దిగి మళ్లీ సెంట్లు ఏరుకోవడం దగ్గర చాలామంది ఓడిపోతారు.

అన్ని రెట్లు ఎందుకన్నదానికి జవాబు అంకెల్లో ఉంది. వంద పంపకాలకు సగటున ఐదు పెద్ద బ్లైండ్లు గెలిచే గట్టి ఆటగాణ్ణి తీసుకోండి. ఆ వంద పంపకాల్లో హెచ్చుతగ్గులు తొంభై బ్లైండ్ల దాకా ఉండడం మామూలు. పదివేల పంపకాలకు అతనికి రావాల్సింది 500 బ్లైండ్లు, ఊగిసలాట 900. అంటే పదివేలు ఆడాక కూడా నష్టంలో ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు పైమాటే. లక్ష పంపకాలు ఆడితే అది నూటికి నాలుగుకు దిగుతుంది. వారం గెలిచి నాకు ఆట వచ్చేసిందనుకునేవాడూ, వారం ఓడి నాకు రాదనుకునేవాడూ ఒకే పొరపాటు చేస్తున్నారు.

అందుకే సిద్ధపడేవాళ్లు రోజులు లెక్కపెట్టరు, పంపకాలు లెక్కపెడతారు. ఆడినవన్నీ దాచి, పెద్ద పాట్లు పోయినచోట ఏ విడతలో తప్పు జరిగిందో తర్వాత చల్లగా చూసుకుంటారు. పై మెట్టు మీద మనుషులు మారతారు, బ్లఫ్‌లు పెరుగుతాయి, అక్కడ ఊరికే కాచుకుని కూర్చుంటే కుదరదు. కాబట్టి మూడు నాలుగు పెట్టుబడులు మాత్రం పక్కన తీసి పైన రుచి చూసి, అవి పోతే మారుమాట లేకుండా దిగొస్తారు.

క్రిస్ ఫెర్గూసన్ ఈ నియమాన్ని బహిరంగంగా పరీక్షించాడు. 2000లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ నెగ్గిన మనిషి, 2006లో చేతిలో సున్నాతో, ఉచిత పోటీల నుంచి మొదలుపెట్టాడు. ఉన్నదాంట్లో నూటికి ఐదుకు మించి ఏ బల్ల దగ్గరా పెట్టకూడదు. బల్ల మీది సొమ్ము మొత్తంలో పదో వంతు దాటితే లేవాలి. ఏడాది దాటి పట్టినా పదివేల డాలర్లకు చేరాడు. అయినా లోకానికి గుర్తున్నది 2003లో వంద డాలర్ల లోపు ప్రవేశంతో మెట్లన్నీ ఒక్క గెంతులో దాటి 25 లక్షల డాలర్లు గెలిచిన క్రిస్ మనీమేకర్. ఆ పేరే అలాంటిది మరి.

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మెట్ట రైతుకు ఈ బుద్ధి కొత్త కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఆ జిల్లాలో వేరుశనగ సాళ్ల మధ్య కంది, అలసంద, ఆముదం వేసేది ఒక్క పంట మీదే అంతా పెట్టకూడదనే. తేడా ఒక్కటే. వేదవతి మీద భైరవానితిప్ప జలాశయం తమ మండలంలోనే ఉన్నా, వాన తప్పిన ఏడు అతనికి దిగడానికి కింది బల్ల ఉండదు. పేకాటగాడికి ఉంటుంది, అయినా దిగడు.

ఇదంతా డబ్బు పెట్టి ఫోన్‌లో ఆడమనడం కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీలో ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పు ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. మూడు ముక్కలాటకు ఆ గౌరవం దక్కలేదు. కానీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం నేర్పా అదృష్టమా అన్న తేడా పక్కనపెట్టి దేశమంతటా వాటిని మూసేసింది. నా మట్టుకు ఫోన్ ఆట మీద అభ్యంతరం వేరే ఉంది. చీట్ల పేకతో గంటకు పాతిక ముప్పై పంపకాలు సాగితే ఫోన్‌లో ఒక్క బల్ల మీదే అరవై దాటుతాయి. ఓడినవాడు లేచి నడిచి చల్లబడే వ్యవధి లేకుండా, వేలు కదిపితే ఖాతాలోంచి సొమ్ము వచ్చిపడుతుంది. దిగడం నేర్పని చోట ఎక్కడమెలా నేర్చుకుంటారు?

చింతగింజలతో ఆడితే ఈ విద్య అబ్బదంటారు, ఊరికే వచ్చినవాటిని అందరూ ఊరికే కట్టేస్తారని. దానికి ఉపాయముంది. పదిమంది కలిసి ఉగాదికి తలా మూడువేల గింజలు పంచుకోండి. వంద గింజలతో కూర్చునే బల్ల ఒకటి, రెండు వందల యాభైది ఇంకొకటి. ముప్పై రెట్లు లేనివాడు పై బల్లకు రాకూడదు, తగ్గితే దిగాలి, ఎంత బతిమాలినా అప్పివ్వకూడదు. అయిపోయినవాడు మళ్లీ ఉగాది దాకా పక్కన కూర్చుని చూడాల్సిందే. మూడో నెలకల్లా ఒక్క గింజ కట్టడానికి కూడా మనుషులు ఆలోచించడం మొదలుపెడతారు.