చూసిన క్షణానికీ రాసిన క్షణానికీ నడుమ

ఒకే డేటాను రెండు ప్రాసెసర్ కోర్లు ఒకేసారి తాకుతూ, ఎవరి పని ముందు జరిగిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయే పరిస్థితిని రేస్ కండిషన్ అంటారు. ఏ లైనుకు ఆ లైను విడిగా చదివితే ప్రోగ్రాములో తప్పు కనబడదు. తప్పు లైన్ల నడుమ ఉంటుంది. ఒక కోర్ ఒక విషయాన్ని చూసి నిర్ధారించుకుంటుంది, దాన్ని నమ్మి పని మొదలుపెట్టబోతుంది. ఆ రెండింటి మధ్య సందులో మరో కోర్ వచ్చి ఆ విషయాన్నే మార్చేస్తుంది. సందు కొన్ని నానోసెకన్లే ఉండవచ్చు. సెకనుకు కోట్ల ఆదేశాలు నడిపే యంత్రానికి ఆ మాత్రం చాలు.

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో ఇలాంటి సందులు దండిగా ఉండే చోటు మెమరీ నిర్వహణ విభాగం. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ మెమరీ అంతా తనదేనన్న భావన కలిగించడం ఈ విభాగం పని. అసలు మెమరీని సాధారణంగా 4 కిలోబైట్ల పేజీలుగా విడగొట్టి, ప్రోగ్రాము వాడే ఏ చిరునామా ఏ పేజీకి చెందుతుందో పేజ్ టేబుల్ అనే పట్టికలో రాసి ఉంచుతుంది. ప్రోగ్రాము తాకిన చిరునామాకు పట్టికలో నమోదు లేకపోతే పేజ్ ఫాల్ట్ వస్తుంది. కెర్నెల్ అప్పటికప్పుడు ఒక పేజీ సంపాదించి, పట్టికలో రాసి, ప్రోగ్రామును ఆగిన చోటు నుంచే మళ్లీ నడిపిస్తుంది.

అదే సమయంలో అదే పట్టిక మీద ఇంకా ఎందరో పనిచేస్తుంటారు. అదే ప్రోగ్రాములోని మరో థ్రెడ్ ఆ ప్రాంతాన్ని వదిలేస్తూ ఉండవచ్చు. మెమరీ చాలక కేస్వాప్‌డీ అనే కెర్నెల్ థ్రెడ్ అదే పేజీని వెనక్కి తీసుకుంటూ ఉండవచ్చు. కేహ్యూజ్‌పేజ్‌డీ అనే ఇంకో థ్రెడ్ 512 చిన్న పేజీలను కలిపి 2 మెగాబైట్ల పెద్ద పేజీగా మారుస్తూ ఉండవచ్చు. మామూలు ప్రోగ్రాములో రేస్ వస్తే ఆ ప్రోగ్రాము డేటా చెడుతుంది. ఇక్కడ వస్తే ఒకరు ఇంకా వాడుతున్న పేజీ మరొకరి చేతికి వెళుతుంది. ఒకరి రహస్యం మరొకరికి కనబడుతుంది, ఒకరి రాత మరొకరి ఫైలులో పడుతుంది.

దీనికి తొలి రక్షణ లాక్. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాము చిరునామాల పటానికీ ఎంమ్యాప్ లాక్ అనేది ఒకటి ఉంటుంది. చదివేవాళ్లు ఎందరైనా కలిసి పట్టుకోవచ్చు. మార్చేవాళ్లు ఒంటరిగానే పట్టుకోవాలి. దాని కింద పేజ్ టేబుల్‌కు ఒక లాక్, పేజీకి ఒక లాక్, పేజీని ఎందరు వాడుతున్నారో చెప్పే లెక్క ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత పట్టుకోవాలన్న వరుస ఆర్‌మ్యాప్ అనే ఫైలు మొదట్లో ఒక వ్యాఖ్యగా ఉంటుంది. లాక్‌ల పేర్లు ఒక్కో మెట్టు లోపలికి జరుగుతూ దిగుతాయి. ఆ వరుస తప్పి ఇద్దరు చెరొకటి పట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూస్తే ఇద్దరూ అక్కడే నిలిచిపోతారు. వరుస పాటించినా లాక్‌కు ఖరీదుంది. కోర్లు పెరిగేకొద్దీ, పని చేసే సమయం కంటే లాక్ కోసం నిలబడే సమయం ఎక్కువవుతుంది. అందుకే కెర్నెల్ మెమరీ విభాగం చరిత్రలో పెద్ద భాగం లాక్‌లను తగ్గించుకుంటూ వచ్చిన చరిత్ర. తీసిన ప్రతి లాక్‌తో పాటు దాని నీడన చెప్పకుండానే సాగిపోయిన ఒక ఒప్పందం కూడా పోతుంది. రేస్‌లు పుట్టేది అక్కడే.

ఆ ఒప్పందాన్ని లాక్ లేకుండా నిలబెట్టే పద్ధతుల్లో ముఖ్యమైన ఒకదానికి బెంగళూరుతో నేరుగా సంబంధం ఉంది. దాని పేరు రీడ్-కాపీ-అప్‌డేట్, పొట్టిగా ఆర్‌సీయూ. 1990లలో సీక్వెంట్ కంపెనీ కోసం పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ దీన్ని రూపొందించారు. 1999లో సీక్వెంట్‌ను ఐబీఎం కొన్నది. బెంగళూరులోని ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్‌లో పనిచేసిన దీపాంకర్ శర్మ, మనీష్ సోనీ ఈ పద్ధతిని లినక్స్‌కు తెచ్చిన బృందంలో ఉన్నారు. 2001 ఒట్టావా లినక్స్ సదస్సు పత్రంలో మెకెన్నీతో పాటు వీరి పేర్లున్నాయి. 2002 అక్టోబరులో 2.5.43 కెర్నెల్‌లో ఆర్‌సీయూ చేరింది. ఆ కోడ్ ఫైలు తలభాగంలో రచయితగా దీపాంకర్ శర్మ పేరు ఉంటుంది.  

ఆర్‌సీయూ పనితీరు కొత్త వంతెన తెరిచే పద్ధతిలాంటిది. కొత్త వంతెన పూర్తిగా కట్టాక వచ్చే వాహనాలన్నిటినీ దాని మీదికి మళ్లిస్తారు. పాత వంతెన మీద అప్పటికే ఉన్న వాహనాలను ఆపరు, తొందరపెట్టరు. చివరి వాహనం దిగిపోయాకే పాతదాన్ని కూలుస్తారు. కెర్నెల్‌లో కూడా మార్చదలచినవాడు డేటాకు కొత్త నకలు తయారుచేసి, పాయింటర్‌ను ఒక్క దెబ్బలో దాని వైపు తిప్పుతాడు. పాత నకలును చూస్తున్నవాళ్లు చూస్తూనే ఉంటారు. మారే ముందు చదవడం మొదలుపెట్టినవాళ్లంతా ముగించేవరకు ఆగి, ఆ తర్వాతే పాతదాన్ని విడుదల చేస్తారు. ఈ నిరీక్షణను గ్రేస్ పీరియడ్ అంటారు. చదువుతున్నంతసేపూ కోర్ మరో పనికి మారకూడదన్నది నియమం కాబట్టి, ప్రతి కోర్ ఒక్కసారి పని మారిందంటే పాత పాఠకులెవరూ మిగల్లేదని అర్థం. ఈ తొలి రూపంలో చదివేవాళ్లకు ఖర్చు దాదాపు సున్నా. లాక్ చేసే పనిని ఇక్కడ కాలం చేస్తుంది. అయితే షరతు కఠినం: చదివేవాడు తాను చదువుతున్నట్టు ప్రకటించాలి. ప్రకటించకుండా చదివినవాడి కోసం ఎవరూ ఆగరు.

బెంగళూరులోని అదే ఐబీఎం కేంద్రంలో పనిచేసిన బల్బీర్ సింగ్, ఓపెన్‌వీజెడ్ ప్రాజెక్టుకు చెందిన పావెల్ ఎమెల్యనోవ్ ప్రధానంగా కట్టిన మెమరీ కంట్రోలర్ 2008లో 2.6.25 కెర్నెల్‌లో చేరింది. ఏ ప్రోగ్రాముల గుంపు ఎంత మెమరీ వాడుకోవచ్చో లెక్క కట్టే భాగమిది. ఇవాళ కంటైనర్లకు పెట్టే మెమరీ పరిమితికి మూలం అదే. ప్రతి పేజీనీ ఎవరి ఖాతాలో రాశారో గుర్తుంచుకోవాలి. ఒక కోర్ పేజీని ఖాతాలో రాస్తుండగా మరో కోర్ కొట్టేస్తే లెక్క తప్పుతుంది, కాబట్టి పేజీకో లాక్ కావాలి. 16 గిగాబైట్ల యంత్రంలో సుమారు 42 లక్షల పేజీలుంటాయి. పేజీకి అదనంగా 8 బైట్లు కేటాయించినా 32 మెగాబైట్లు ఊరికే పోతాయి. అందుకని ఆ తొలి రూపంలో లాక్‌ను ఖాతా పాయింటర్‌లోనే దాచారు. చిరునామాలు సరిసంఖ్యల మీదే పడతాయి కాబట్టి పాయింటర్ చివరి బిట్ ఎప్పుడూ సున్నాయే. ఆ ఒక్క బిట్ ఒకటైతే లాక్ పడినట్టు, సున్నా అయితే తీసినట్టు. చదివేటప్పుడు ఆ బిట్‌ను తుడిచి చదవాలి. ఒక బిట్ స్థలంలో ఒక ఒప్పందం మొత్తం ఇమిడిపోయింది. ఈ పనిలోని నైపుణ్యం అంత సన్నటిది.

ఒప్పందం గురి తప్పితే ఏమవుతుందో డర్టీ కౌ అనే లోపం చూపించింది. 2016 అక్టోబరులో ఇది వెలుగులోకి వచ్చింది. 2007 నాటి 2.6.22 నుంచి వచ్చిన కెర్నెళ్లకు ఈ దాడి ముప్పు ఉండేది. ఇద్దరు ఒకే పేజీని పంచుకుంటున్నప్పుడు ఒకరు రాయబోతే, కెర్నెల్ వారికి సొంత నకలు తయారుచేసి ఇస్తుంది. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును ఒక ప్రోగ్రాము సొంత వాడకానికి మెమరీలోకి తెచ్చుకుంది అనుకోవాలి. తన మెమరీని ఫైలులా చూపే ప్రాక్ దారిలో అందులో రాయమని కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్ మొదటి విడతలో సొంత నకలు తయారుచేస్తుంది. నకలు సిద్ధమైంది కాబట్టి ఇక ఎక్కడ రాసినా ప్రమాదం లేదని భావించి, “రాయడానికి” అన్న గుర్తును తీసేసి, పేజీ కోసం రెండో విడత వెతుకుతుంది. ఈ రెండు విడతల సందులో అదే ప్రోగ్రాములోని మరో థ్రెడ్ “ఈ పేజీ నాకిక అక్కర్లేదు” అని మ్యాడ్‌వైజ్ అనే సిస్టమ్ కాల్ ద్వారా చెబుతుంది. కెర్నెల్ నకలును పారేస్తుంది. రెండో విడతకు పేజీ కనబడదు. రాయడానికి అన్న గుర్తు కూడా లేదు కనుక చదవడానికే అనుకుని అసలు ఫైలు పేజీని అందిస్తుంది. రాత వెళ్లి దాని మీద పడుతుంది. సామాన్య వినియోగదారుడు ఇలా రూట్‌కు చెందిన ఫైలును మార్చి, యంత్రం మొత్తాన్ని చేజిక్కించుకోగలిగాడు.

ఈ దాడికి మూలమైన రేస్ అంతకంటే పాతది; లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 2005లోనే ఒకసారి దిద్దారు. ఐబీఎం ఎస్390 యంత్రాల్లో ఇబ్బంది వచ్చి ఆ దిద్దుబాటును వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో దీన్ని కాగితం మీది ప్రమాదంగానే చూశారు. తర్వాత మెమరీ విభాగం ఎన్నో కోర్ల మీద చురుకుగా నడిచేలా మారడంతో అదే సందు సులువుగా దొరికింది. 2016 దిద్దుబాటు గుర్తును తీసేయకుండా, నకలు చేశామన్న కొత్త గుర్తు పెట్టి, పేజీకి “డర్టీ” బిట్ ఉంటేనే అది సొంత నకలు అని నమ్మింది. కానీ పెద్ద పేజీల కోడ్‌లో మరోచోట ఆ బిట్‌ను నకలు లేకుండానే పెట్టేస్తున్నారు. దాంతో 2017లో హ్యూజ్ డర్టీ కౌ వచ్చింది. పంచుకునే మెమరీ విషయంలో అదే నమ్మకం 2022లో మళ్లీ బెడిసికొట్టింది. చివరికి ఆ ఏడాదే, 6.0 కెర్నెల్‌లో, డర్టీ బిట్ మీద ఆధారపడడం మాని, పేజీ ఈ ప్రోగ్రాముకే సొంతమా అని నేరుగా అడిగే పద్ధతి వచ్చింది. ఒక బిట్‌కు ఒకచోట ఒక అర్థం, మరోచోట మరో అర్థం ఉండడమే ఇన్నేళ్ల కథకు మూలం.

కొత్త వేగం కోసం తీసిన లాక్ పాత ఒప్పందాన్ని ఎలా చెరిపేస్తుందో 2023 చూపింది. అనేక థ్రెడ్లున్న ప్రోగ్రాముల్లో పేజ్ ఫాల్ట్‌లన్నీ ఎంమ్యాప్ లాక్ దగ్గర చిక్కుకుంటున్నాయని, 6.4 కెర్నెల్‌లో చిరునామాల పటంలోని ఒక్కో ప్రాంతానికి ఒక్కో లాక్ పెట్టారు. పేజ్ ఫాల్ట్ ఆర్‌సీయూ నీడలో ప్రాంతాన్ని వెతికి, దాని లాక్ మాత్రమే పట్టుకుని పని ముగిస్తుంది. అంతకుముందు దశాబ్దాలుగా, ఎంమ్యాప్ లాక్‌ను రాయడానికి పట్టుకున్నవాడికి పేజ్ ఫాల్ట్‌లు అడ్డురావన్నది అందరూ నమ్మిన సత్యం. ఒక ప్రాసెస్ నుంచి మరోదాన్ని పుట్టించే ఫోర్క్ కోడ్ దాన్ని నమ్మే తల్లి ప్రాసెస్ పటాన్ని పిల్లకు నకలు తీసేది. కొత్త పద్ధతిలో ఆ సత్యం మారింది. నకలు తీస్తుండగానే మరో థ్రెడ్ పేజ్ ఫాల్ట్ దూరి, ప్రోగ్రాముల మెమరీ చెడింది. ఫోర్క్ సమయంలో తల్లి ప్రాంతాల లాక్‌లన్నీ పట్టుకోవాలన్న దిద్దుబాటు వెంటనే వచ్చింది. ఫోర్క్ కోడ్‌లో ఎవరూ వేలు పెట్టకపోయినా దాని కాళ్ల కింది నేల కదిలింది.

ఆ ఏడాదే బయటపడిన స్టాక్‌రాట్ లోపం ఆర్‌సీయూ షరతునే గుర్తుచేసింది. 6.1 కెర్నెల్ నుంచి చిరునామాల పటాన్ని మేపుల్ ట్రీ అనే నిర్మాణంలో ఉంచుతున్నారు. స్టాక్ పెరిగినప్పుడు ఎంమ్యాప్ లాక్‌ను చదవడానికి మాత్రమే పట్టుకుని ఆ చెట్టులోని నోడ్‌ను మార్చేవారు. పాత నోడ్‌ను గ్రేస్ పీరియడ్ తర్వాత విడుదల చేసేవారు. అదే లాక్‌ను చదవడానికి పట్టుకున్న ఇతరులు మాత్రం తాము ఆర్‌సీయూ పాఠకులమని ప్రకటించలేదు. వాళ్ల చేతిలో పాయింటర్ ఉండగానే నోడ్ పోయింది. స్టాక్‌ను పెంచేవాడు రాసే లాక్ పట్టుకోవాలని మార్చి ఈ సందు మూశారు.

ఈ తప్పులను మనిషి కంటితో మాత్రమే పట్టడం కష్టం. 2010లో డేటాకొలైడర్ పరిశోధన ఒక ఉపాయం చూపింది. మెమరీని తాకే చోట్లను యాదృచ్ఛికంగా ఎంచి, ఒక కోర్‌ను అక్కడ కాసేపు ఆపి, ఆలోగా మరొకరు అదే చోటును తాకుతారేమో కాపు కాయడం ఆ ఉపాయం. ఆ ఆలోచన బాటలోనే వచ్చిన కేసీశాన్ అనే పరికరం 2020లో 5.8 కెర్నెల్‌లో చేరింది. లాక్‌ల వరుసను నడుస్తుండగానే సరిచూసే లాక్‌డెప్ 2006 నుంచీ ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో దీపక్ డిసౌజా బృందం ఇంటరప్ట్‌ల మీద నడిచే చిన్న కెర్నెళ్లలో డేటా రేస్‌లను, ప్రోగ్రామును నడపకుండానే కోడ్ చదివి పట్టే విశ్లేషణను 2019లో ప్రచురించింది. అయితే పరికరాలు పట్టేది ఇద్దరు ఒకేచోట తాకడాన్ని. డర్టీ కౌలో ప్రతి తాకిడీ లాక్ నీడనే జరిగింది. తప్పు అర్థంలో ఉంది; అర్థాన్ని పరికరం చూడలేదు.

కాబట్టి ఈ వృత్తిలో అసలు పని ఒప్పందాన్ని బయటికి చెప్పడం. కోడ్ సమీక్షించే అనుభవజ్ఞులు మూడు ప్రశ్నలు అడుగుతారు. చూసిన విషయం వాడే క్షణానికి ఇంకా నిజమేనా? దాన్ని నిజంగా ఉంచుతున్నది ఏ లాక్, ఏ లెక్క, ఏ గ్రేస్ పీరియడ్? ఆ హామీని నమ్ముకున్నవాళ్లు ఇంకా ఎవరెవరున్నారు? మెమరీ బారియర్ రాస్తే పక్కన కారణం రాయకపోతే కెర్నెల్ ప్యాచ్ పరిశీలించే స్క్రిప్టే హెచ్చరిస్తుంది. రేస్ దిద్దేవాళ్లు వివరణలో రెండు నిలువు వరుసలు గీయడం ఆనవాయితీ: ఎడమ వరుసలో ఒక సీపీయూ చేసిన పనులు, కుడి వరుసలో మరొకటి చేసినవి, పైనుంచి కిందికి కాలక్రమంలో. ఆ బొమ్మ గీయలేనివారికి రేస్ అర్థం కానట్టే. లాక్ ఉండాలన్న హామీని వ్యాఖ్యగా వదలకుండా, ఎంమ్యాప్ లాక్ పట్టుకున్నారా అని కోడ్ చేతనే అడిగించే తనిఖీగా రాస్తే, పదేళ్ల తర్వాత ఆ లాక్‌ను తీయబోయే వ్యక్తికి తాను ఎవరి కాళ్ల కింది నేలను కదుపుతున్నదీ ముందే తెలుస్తుంది.