‘నవ్వే సాలీడు’: హాస్య భయానకాల సంధి

ఫ్రెంచి చిత్రకారుడు ఓదిలోన్ రెదోన్ (1840–1916) తన నలుపు చిత్రాలను ‘నల్లనివి’ అనే పిలుచుకున్నాడు. వాటిలో 1881లో బొగ్గుతో గీసిన ‘నవ్వే సాలీడు’ సుప్రసిద్ధం. నూగుతో నిండిన గుండ్రని నల్లటి దేహం, ఆ దేహంలోనే ఒదిగిన ముఖం, పళ్ళు కనబడే నవ్వు. గూడు లేదు, చిక్కిన ఈగ లేదు. కాళ్ళు లెక్కిస్తే పది.

సాలీడుకు ఎనిమిదే కాళ్ళని రెదోన్‌కు తెలియదనుకోవడం కష్టం. బోర్దో నగరంలో వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్మాన్ క్లావో సాంగత్యం అతనికి సూక్ష్మజీవ ప్రపంచాన్ని చూపింది. అసంభవమైన ప్రాణిని సైతం సంభావ్యతా నియమాలను అనుసరించి బ్రతికించాలన్నది అతడు చెప్పుకున్న ఆదర్శం. కనుక ఈ పది కాళ్ళను పొరపాటుగా కాక, మరొక జాతి లక్షణంగా గ్రహించడమే సమంజసం.

1884లో హ్యూస్‌మాన్స్ తన నవల ‘ఆ రెబూర్’లో రెదోన్ చిత్రాలను వర్ణిస్తూ, దేహమధ్యంలో మనిషి ముఖమున్న సాలీడునూ పేర్కొన్నాడు. వాటిని వ్యాధి, ఉన్మాదం పుట్టించిన కల్పనలుగా చూపాడు. తరువాతి వ్యాఖ్యానాలు ‘పీడకల’ అన్న మాటతో సరిపెట్టుకోవడానికి ఈ వర్ణన వీలు కల్పించింది. అయితే పీడకల అనడం చిత్రానికి పేరు పెట్టడమే. భయం ఎలా కలుగుతున్నదో చెప్పడం కాదు.

ఇక్కడ రసచర్చ ఉపకరిస్తుంది. నాట్యశాస్త్రం వికృతవేషాన్ని హాస్యానికి విభావంగా చెప్పింది. భయానక విభావాలలోనూ వికృతధ్వని ఉంది. రెండింటికీ మూలం వికృతియే అయినా, సాహిత్యదర్పణకారుడు వాటిని పరస్పర విరోధులుగా పరిగణించాడు. మరి ఒకే ఆలంబనంలో ఈ రెండూ ఎలా నిలిచాయి? చూసేవాడు నవ్వడం లేదు. నవ్వుతున్నది చిత్రంలోని ప్రాణి. హాస్యం ప్రేక్షకునిలో రసంగా పరిణమించకుండా, భయానకానికి ఉద్దీపనంగా మారిపోయింది. అందువల్ల విరోధం తలెత్తలేదు.

అదే ఏడాది గీసిన ‘ఏడ్చే సాలీడు’తో పోల్చితే ఇది స్పష్టమవుతుంది. అక్కడ మనిషి ముఖం, కన్నీరు. ఆ ఏడుపుకు ఏదో ఒక కారణాన్ని ప్రేక్షకుడు ఊహించగలడు, జాలిపడగలడు. వికృతాకారం కరుణకు అడ్డురాదు. నవ్వే సాలీడు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఎర ఉంటే ఆ నవ్వు క్రూరత్వమని, గూడు ఉంటే విజయగర్వమని నిర్ణయించుకోవచ్చు. రెదోన్ ఆ రెండింటినీ చిత్రంలో ఉంచలేదు. నవ్వుకు కారణం కోసం వెదికే చూపుకు నల్లటి బొగ్గు నడుమ తెల్లగా మిగిలిన పళ్ళే మళ్ళీ ఎదురవుతాయి.