గంటల లెక్క, వరుసలో నంబరు

పైలట్ జీవితాన్ని రెండు అంకెలు నడిపిస్తాయి. ఒకటి లాగ్‌బుక్‌లో గంటలు, రెండోది కంపెనీ సీనియారిటీ జాబితాలో నంబరు. గంటలుంటే ఉద్యోగం వస్తుంది. ఆ ఉద్యోగంలో ఏ ఊళ్లో ఉండాలో, ఏ విమానం నడపాలో, పండక్కి సెలవు దొరుకుతుందో లేదో, ఎప్పటికి కెప్టెన్ అవుతామో నంబరు తేలుస్తుంది. అమెరికాలో శిక్షకుడిగా మొదలుపెట్టి, రీజనల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, ఆ తర్వాత కెప్టెన్‌గా పనిచేసిన నాకు ఈ రెండు అంకెల బరువూ తెలుసు. ఇవి జీతాలకు, ప్రమోషన్లకు సంబంధించిన లెక్కలేనని చాలామంది అనుకుంటారు. కానీ ఇవి ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించినవి కూడా.

రీజనల్ విమానం మీద డెల్టా, యునైటెడ్, అమెరికన్ అనే రాసి ఉంటుంది. కానీ ఆ 50 నుంచి 76 సీట్ల జెట్‌ను చాలాసార్లు కాంట్రాక్టు తీసుకున్న వేరే కంపెనీ నడుపుతుంది. కొత్త పైలట్‌కు సాధారణంగా అదే తొలి మెట్టు. పెద్ద సంస్థలు జోరుగా పైలట్లను తీసుకుంటుంటే రీజనల్స్ ఖాళీ అవుతాయి, వాళ్లు అడిగే కనీస గంటలు తగ్గుతాయి. పైనుంచి పిలుపులు ఆగితే ఆ గంటలు మళ్లీ పెరుగుతాయి. 2007లో కొన్ని కంపెనీలు కొద్ది వందల గంటలున్నవాళ్లను కూడా తీసుకున్నాయి. ఆ డిసెంబరులోనే పదవీ విరమణ వయసు 60 నుంచి 65కు పెరిగింది. మరుసటి ఏడాది మాంద్యం ముదిరింది. పైనున్నవాళ్లు కదలకపోవడంతో కిందివాళ్లు ఏళ్ల తరబడి కుడి సీటులోనే, అంటే ఫస్ట్ ఆఫీసర్లుగానే ఉండిపోయారు.

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, ఇంట్లోని ఒకరు చనిపోయారు. వేగం పడిపోతోందని కంట్రోల్ కాలమ్ వణికి హెచ్చరించినప్పుడు ముక్కు దించాల్సింది పోయి, కెప్టెన్ కాలమ్‌ను వెనక్కి లాగాడు. సెస్నా 172లో పాఠం చెప్పిన ప్రతివాడికీ ఆ చేయి తెలుసు. స్టాల్ హారన్ సన్నగా మూలుగుతుంది, విద్యార్థి భుజాలు బిగుసుకుంటాయి, చేతిలోని కంట్రోల్ యోక్ తనంతట తానే ఒళ్లోకి వస్తున్నట్టు ఉంటుంది. భయపడిన చేయి లాగాలనే చూస్తుంది. దాన్ని ముందుకు తోయడం నేర్పాలి, మళ్లీ మళ్లీ నేర్పాలి, అలిసిపోయి ఉన్న రాత్రి కూడా చేయి మరిచిపోనంతగా నేర్పాలి.

బాధిత కుటుంబాల పోరాటంతో 2010లో చట్టం వచ్చింది. 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కుడి సీటుకు కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలి. సైన్యంలో నడిపినవాళ్లకు 750, గుర్తింపు ఉన్న విమానయాన డిగ్రీ చేసినవాళ్లకు 1,000 చాలు. బఫెలో పైలట్లిద్దరికీ ఆనాటికే 1,500 పైన గంటలున్నాయి. కాబట్టి గంటలొక్కటే ప్రాణాలు కాపాడవు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు చాలు. ఆ తర్వాత సిమ్యులేటర్‌లో గట్టి శిక్షణ పొంది మన పిల్లలు ఏ320 కుడి సీటులో కూర్చుంటున్నారు.

అయినా ఆ కనీస పరిమితి ఉండాలనే నేనంటాను. పైలట్ల కొరత వచ్చినప్పుడల్లా కిందికి జారని గీత ఒకటి చట్టంలో ఉండటం మంచిది. 2022లో రీజనల్ సంస్థ రిపబ్లిక్ ఎయిర్‌వేస్ తమ శిక్షణలో తయారైనవాళ్లకు 750 గంటలు చాలని కోరితే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒప్పుకోలేదు. అది సరైన నిర్ణయం. అయితే ఆ 1,500 గంటలు ఎలా గడిచాయన్నది కూడా అడగాలి. ఒకే ఊరి చుట్టూ తిరిగిన గంట, పక్కవాడి పొరపాటును కనిపెట్టి సరిదిద్దిన గంట లాగ్‌బుక్‌లో ఒకేలా కనిపిస్తాయి. పైలట్‌లో మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

ఇక రెండో అంకె. పైలట్ ఎంత అనుభవం గడించినా, కంపెనీ మారితే జాబితాలో అట్టడుగుకు వెళ్లాల్సిందే. అందుకే రెండు కంపెనీలు కలిసినప్పుడు గుండె దడ. రేషన్ షాపు దగ్గర గంటల తరబడి నిలబడ్డ రెండు వరుసలను ఒకటి చేయమంటే ఎవరు ఎవరి ముందు నిలబడాలి? కోల్గన్‌ను 2007లో కొన్న పినకిల్ సంస్థ, 2010లో డెల్టా నుంచి మెసాబాను కొంది. మూడు సంస్థల పైలట్లను కలిపే జాబితాను 2011లో మధ్యవర్తి తేల్చాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ దివాలా రక్షణ కోరింది. 2013లో ఎండెవర్ ఎయిర్ పేరుతో డెల్టా సొంతమైంది. కోల్గన్ నడిపిన క్యూ400, సాబ్ 340 విమానాలు ఆ సంస్థ నుంచి వెళ్లిపోయాయి.

నేను పనిచేసిన సంస్థ మరొకదానితో కలిసిన రోజు ఉమ్మడి జాబితా ఫోన్‌లోకి వచ్చింది. నంబరు, పేరు, చేరిన తేదీ, బేస్, విమానం, సీటు. పక్కపక్కనే గడులు. నా పేరు చాలా కిందికి జారింది. ఆ తర్వాతి వారాల్లో అటువైపు నుంచి వచ్చినవాళ్లతో కలిసి విమానం నడపాల్సి వచ్చింది. టేకాఫ్ పరుగులో మావాళ్లు 80 నాట్ల దగ్గర పలికే మాటను వాళ్లు 100 దగ్గర పలికేవారు. అలాంటి తేడాలు శిక్షణతో సర్దుకుంటాయి. కానీ “నా చోటు వీడు లాక్కున్నాడు” అనే కినుక కాక్‌పిట్‌లోకి వస్తే మాట తగ్గుతుంది. కెప్టెన్ తప్పు చేస్తున్నాడని కనిపించినా ఫస్ట్ ఆఫీసర్ నోరు విప్పడానికి ఒక క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణం చాలా ఖరీదైనది. 2005లో కలిసిన యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ పైలట్లు జాబితా గొడవతో ఏళ్ల తరబడి వేర్వేరుగానే విమానాలు నడిపారు.

సీనియారిటీని న్యాయంగా, నిష్పక్షపాతంగా కలపాలనీ, కుదరకపోతే మధ్యవర్తికి వెళ్లాలనీ 2007 నాటి మెక్‌కాస్కిల్-బాండ్ చట్టం చెబుతోంది. 2025 ఏప్రిల్‌లో రిపబ్లిక్, మెసా విలీన నిర్ణయం ప్రకటించాయి. ఒకవైపు పైలట్లది టీమ్‌స్టర్స్ యూనియన్, మరోవైపు వారిది ఆల్పా అనే పైలట్ల యూనియన్. అలాంటి చోట ఆ చట్టమే దిక్కు. 2024లో విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు మన పైలట్లలోనూ సీనియారిటీ గురించి ఇవే ప్రశ్నలు లేచాయి.

అమెరికాలో శిక్షణ పొందుతున్న తెలుగు పిల్లలకూ, అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకూ ఒక మాట. “ఎన్ని గంటలకు తీసుకుంటారు, ఎన్నేళ్లకు కెప్టెన్‌ను చేస్తారు?” అన్నదే మొదటి ప్రశ్న కాకూడదు. శిక్షణ ఎలా ఇస్తారో, చెక్‌లో తప్పినవాడికి ఏ సాయం చేస్తారో, విలీనం వస్తే జాబితా గురించి ఒప్పందంలో ఏముందో ముందు అడగండి. కంపెనీలకూ నాదొకటే విన్నపం: విలీనం ఖరారు చేసే రోజునే జాబితాకు, ఉమ్మడి శిక్షణకు గడువు కూడా పెట్టండి. ఆ రెండూ తేలేదాకా విలీనం పూర్తయినట్టు కాదు.