ధర్మం చెయ్యమన్నదెవరు? బైబిల్లో బిచ్చమూ హక్కూ

తరిగొప్పుల దిక్కు మా మాదిగవాడలో ఒక ఏడు క్రిస్మస్ ముందర చీరలు పంచారు. పట్నం నుంచి వచ్చిన దాతలు కుర్చీల్లో కూర్చున్నారు. వితంతువుల పేర్లు చదివారు. ఒక్కొక్కరే లేచిపోయి చేతులు చాపాలి. చీర చేతిలో పడ్డాక ఫొటో అయ్యేదాకా ఆ చేతులు అట్లనే ఉంచాలి. మా అమ్మ కూడా ఆ వరుసలో ఉంది. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన చేతులవి. అంతకుముందే ప్రసంగంలో మత్తయి సువార్త 6వ అధ్యాయం చదివారు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకుండా ఇవ్వాలని చెప్పే అధ్యాయం అది.

ఇంటికొచ్చినంక అమ్మ ఒక్కటే మాట అన్నది: "చీర మంచిగనే ఉన్నది బిడ్డా, గని అడుక్కున్నట్టయింది."

మా ఇంట్ల యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లం మేమే మొదలు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మాటకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద అట్లనే ఉంది. బైబిల్ పేదల పక్షం అని సంఘాల్లో చెప్తారు. దళిత వేదాంతం రాసేవాళ్లూ అదే చెప్తున్నారు. మేము కాదనడం లేదు. అయితే ఎట్లాంటి పక్షం? చాపిన చేతిలో ఏదో ఒకటి వేసే పక్షమా, ఆ చెయ్యి చాపాల్సిన అవసరమే లేకుండా చేసే పక్షమా? ఆ గ్రంథంలో రెండూ ఉన్నాయి. ప్రసంగాల్లో మనకు ఎక్కువగా వినపడేది మొదటిదే. రెండోదాన్ని మనమే వెతుక్కోవాలి.

మొదట మాట సంగతి చూద్దాం. తెలుగు బైబిల్లో మత్తయి 6వ అధ్యాయంలో బీదలకు ఇవ్వడాన్ని ధర్మం చేయడం అన్నారు. గ్రీకు మూలంలో ఉన్న మాటకు కనికరం అని అర్థం. యూదుల సంప్రదాయంలో దానానికి వాడుకలోకి వచ్చిన హీబ్రూ మాట 'సెదాకా'. దాని అసలు అర్థం న్యాయం, నీతి. అంటే బీదవాడికి చెందాల్సింది వాడికి చేర్చడం అన్న భావం ఆ మాటలోనే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అది ధర్మం అయింది. మన నేల మీద ధర్మం అంటే ఏమిటి? బస్టాండులో ముసలవ్వ ధర్మం చెయ్యమంటే ఒక అర్థం. వర్ణధర్మం అంటే ఇంకో అర్థం. ఊరికి దూరంగా వాడను పెట్టింది కూడా ధర్మం పేరుతోనే. ఇచ్చినవాడికి పుణ్యం, పుచ్చుకున్నవాడికి గుప్పెడు గింజలు, ఇద్దరి స్థానాలూ ఎక్కడివక్కడే. అనువాదకులు కావాలని ఇట్ల చేశారని మేము అనం. జనం నోట్లో ఉన్న మాటే వాళ్లకు దొరికింది. కాని మాట ఒంటరిగా రాదు, తన కులాన్ని వెంటబెట్టుకొని వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మోషే చట్టాన్ని తెలుగు బైబిల్ ధర్మశాస్త్రం అంటుంది. మనువు రాసిందానికీ అదే పేరు. 1927 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే, మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ రెండో ధర్మశాస్త్రాన్ని. ఒకే పేరున్న ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. బీదవాడి గురించి మోషే చట్టం ఏం చెప్పింది? లేవీయకాండం 19వ అధ్యాయం ప్రకారం చేను కోసేటప్పుడు అంచులదాకా కోయొద్దు, రాలిన పరిగ ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ప్రకారం చేనులో మరిచిపోయిన పన కోసం మళ్లీ వెనక్కి పోవద్దు, అది పరదేశిది, తండ్రి లేని పిల్లలది, విధవరాలిది. కూలివాడి కూలి పొద్దు గూకకముందే ఇవ్వాలని కూడా అదే అధ్యాయంలో ఉంది. ఏడో ఏట అప్పులు విడిచిపెట్టాలన్న మాట 15వ అధ్యాయంలో ఉంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పరిగ విషయంలో ఆసామి ఎవరికీ ఏమీ 'ఇవ్వడు'. తన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు, అంతే. బీదవాళ్లు తమ చేతులతో తామే ఏరుకుంటారు. అక్కడ వరుస లేదు, పేర్ల జాబితా లేదు, కృతజ్ఞత చెప్పే కార్యక్రమం లేదు. మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు చేనులో ఏరుకున్నది ఇట్లనే. పరిగ ఏరుడు మన ఆడవాళ్లకు కొత్త పని కాదు. కాని మన దగ్గర అది ఆసామి దయ. వద్దంటే ఒడి దులిపి రావాలి. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక ఆ దయకు కూడా తావు తగ్గింది.

అయితే ఇక్కడ ఆగితే మేమూ ప్రసంగమే చేసినట్టు. చేను ఎవరిది? పరిగ హక్కే అయినా చేను మాత్రం బోయజుదే. లేవీయకాండం 25వ అధ్యాయం యాభయ్యో ఏట భూమి దాని మొదటి వారసులకు తిరిగి రావాలంటుంది. అదే అధ్యాయం చివర్లో వేరే జాతులవాళ్లను బానిసలుగా కొనుక్కోవచ్చని కూడా అంటుంది. ఈ రెండూ ఒకే చేతిరాతలో ఉన్నాయి. మొదటిది చదివి రెండోది దాచిపెట్టే వేదాంతం మనకు వద్దు. ఈ ప్రశ్నకు మన జనగామ నేల మీదనే ఒక జవాబు ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానివ్వలేదు. సంఘం అండతో కోసి ఇంటికి తెచ్చుకుంది. ఆమె పరిగ అడగలేదు, పంటే తనదన్నది. కోతగాళ్ల కూలి ఎగ్గొట్టిన భూస్వాముల మీద యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్న కోపానికి ఆమె కథ దగ్గరగా ఉంది.

ఇక కొత్త నిబంధనకు వస్తే బిచ్చగాళ్లు దారుల పక్కన, తలుపుల దగ్గర కనపడతారు. లూకా 16వ అధ్యాయంలో ధనవంతుడి వాకిట్లో లాజరు, మార్కు 10వ అధ్యాయంలో యెరికో దారిన బర్తిమయి, అపొస్తలుల కార్యాలు 3వ అధ్యాయంలో దేవాలయం వాకిలి దగ్గర పుట్టు కుంటివాడు. బీదలు ధన్యులని లూకా 6వ అధ్యాయంలో యేసు అన్నప్పుడు గ్రీకులో ఉన్న మాట కూడా కష్టం చేసుకుని బతికే పేదవాడిని చెప్పేది కాదు, ఏమీ లేక అడుక్కునే స్థితిలో ఉన్నవాడిని చెప్పేది.

లాజరు కథను చచ్చినాక వచ్చే సుఖం కథగా చెప్పి మనల్ని ఊరుకోబెడతారు. కాని ఆ ధనవంతుడు లాజరును కొట్టినట్టు కథలో లేదు, తరిమినట్టు లేదు. రోజూ వాకిట్లో ఉన్న మనిషిని చూడకుండా దాటిపోవడమే అతని నేరం. పైగా చనిపోయాక కూడా అతను లాజరును పనివాడిలాగే చూస్తాడు. నీళ్లు తెమ్మని పంపమంటాడు, అన్నదమ్ముల దగ్గరకు కబురు పంపమంటాడు. నరకంలో కూడా దొరతనం పోలేదు. వెట్టి చేసిన వాడలకు ఈ కథ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అపొస్తలుల కార్యాల్లోని కథ ఇంకా మనది. ఆ కుంటివాడిని రోజూ మోసుకొచ్చి వాకిలి బయట కూర్చోబెడతారు. లోపలికి పోయేవాళ్లు పైసలు వేసి పోతారు. వాళ్ల భక్తికి అతను బయట కూర్చోవడం అవసరం. పేతురు దగ్గర వెండి బంగారాలు లేవు. చెయ్యి పట్టుకొని లేపుతాడు. లేచినవాడు ఇంటికి పోడు, వాళ్లతోపాటు నడుస్తూ గుడిలోకి పోతాడు. దీన్ని స్వస్థత కథ అని మాత్రమే చెప్తారు. మేము దీన్ని ఆలయ ప్రవేశం కథగా చదువుతున్నాం. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని తెలిసిన అంటరానివాడు దాని ద్వారా శివుడికి కబురు పంపుకుంటాడు. వాకిలి బయట కూర్చోబెట్టడం అంటే ఏమిటో తెలిసిన క్రైస్తవ కవి ఆయన. ఈ కథలోనూ ఒక లోటు ఉంది. కాళ్లు బాగుపడితేనే లోపలికి రావాలా? బాగుపడనివాళ్ల సంగతేమిటి? వికలాంగుల ఉద్యమం అడుగుతున్న ఈ ప్రశ్నకు కథ జవాబు చెప్పదు.

అదే గ్రంథం 6వ అధ్యాయం మన అమ్మల వరుసకు మరీ దగ్గర. రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లకు అన్యాయం జరుగుతున్నదని గొడవ వచ్చింది. అపొస్తలులు వాళ్లకు ఓపిక పట్టమని నీతి చెప్పలేదు. పంపకం పనిని ఏడుగురికి అప్పజెప్పారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే అన్యాయం అయిన వైపువాళ్లకే పంచే అధికారం వచ్చింది. తిండిలో వాటా కాదు, పంచే చోట వాటా. మనం అడిగే ప్రాతినిధ్యం కూడా ఇదే కదా!

ఈ మాట ఎదుటివాళ్లకే చెప్తే చాలదు. మాదిగలకు ఆశ్రిత కులాలున్నాయి. డక్కలి, చిందు, బైండ్ల, మాష్టి. వాళ్లు మన వాడకొచ్చి ఆడి, కథ చెప్పి అడిగేది బిచ్చం కాదు, తరతరాల హక్కు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మరి మన వాడల్లో బైబిల్ పట్టుకున్న ఇండ్లు కొన్ని డక్కలోళ్లు వస్తే, అది విగ్రహారాధన అని తలుపు వేసుకోవడం మేము చూశాం. ఊరు మనల్ని బయట నిలబెట్టినట్టే మనం వాళ్లను నిలబెడుతున్నాం. మనకంటే కింద ఇంకొకరి చెయ్యి చాపించి మన చెయ్యి పైకి లేవదు.

మనమీద ఒక నింద చాలా పాతది. బియ్యం కోసం మతం మారారని. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని మాదిగలకు పని ఇచ్చాడు. ఇచ్చింది పని, బిచ్చం కాదు. కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి పెట్టినప్పుడు కాదు, ఆగాక వచ్చారు. వచ్చినవాళ్లకు ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు అన్న నియమాలు పెట్టారు. ఆదివారం పని మానడం అంటే ఊరి పెద్దలకు ఆ రోజు వెట్టి లేదని చెప్పడమే. కొట్లాటలు వచ్చింది దానివల్లనే. ఆ తాతలు మతంలో వెతుక్కున్నది బియ్యం కాదు, కాదనగలిగే ఒక రోజు. వాళ్ల మనవరాళ్లను చీరల వరుసలో నిలబెడుతున్నాం.

బీదలు ఎప్పుడూ మీతో ఉంటారన్న యేసు మాటను ఇట్లాంటి చోట అడ్డం పెట్టుకుంటారు. ఆ మాట ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం నుంచి వచ్చింది. అక్కడ దాని తర్వాత ఉన్నది, కాబట్టి చెయ్యి తెరవాలన్న ఆజ్ఞ. అంతకు కొన్ని మాటల ముందు మీలో బీదలే ఉండకూడదని ఉంది. మధ్యలో ముక్క కోసి చదివితే అది సువార్త కాదు, సాకు.

సర్కారు చదువు కూడా ఇంతకంటే మెరుగ్గా లేదు. బిచ్చమెత్తడాన్ని నేరం చేసిన 1977 నాటి చట్టం మన రాష్ట్రంలో ఉంది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు ముందర పోలీసులు బిచ్చాన్ని రెండు నెలలు నిషేధించి, రోడ్ల మీది మనుషులను ఆశ్రమాలకు తరలించారు. మరోవైపు 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వును 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించారు గాని దళిత క్రైస్తవులను బయటే ఉంచారు. మన దగ్గర వాళ్లను బి.సి. 'సి'లో చేర్చారు. కులం వెంట వస్తుంది, హక్కు మాత్రం రాదు. దీనిమీద చర్చిలు ఏటా ఆగస్టు 10న నిరసన దినం పాటిస్తాయి. ఆ నిరసన మన వాడ ప్రసంగంలోకి ఎందుకు రాదు? డిసెంబరులో చీరకున్న మైకు ఆగస్టులో హక్కుకు ఎందుకు లేదు?

సాయం వద్దని మేము అనడం లేదు. ఆకలైనవాళ్లకు సిద్ధాంతం చెప్పేంత తీరిక మాకు లేదు. మేము అడిగేది చిన్నవి. సంఘానికి వచ్చిన డబ్బు లెక్క ఆదివారం అందరి ముందర చదవాలి. ఎవరికి ఏం కావాలో రాసే కమిటీలో వాడలోని విధవరాళ్లు సగం మంది ఉండాలి. ఆ జాబితాలో డక్కలి, చిందు ఇండ్లు కూడా ఉండాలి. ఫొటోలు ఉండొద్దు. ఎవరి చీర వాళ్ల ఇంటికి పోవాలి. చదువుకున్న మన పిల్లలు అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయాన్ని తమ సంఘంలో బిగ్గరగా చదివి, మన పంపకం ఎవరి చేతిలో ఉందని అడగాలి. వచ్చే క్రిస్మస్‌కు ముందే అడగాలి.